పన్నెండు దిమ్మల క్రేన్

ప్రాగ్‌లోని కీన్ సాఫ్ట్‌వేర్ హౌస్ 2013 అక్టోబరులో ‘స్పేస్ ఇంజనీర్స్’ వీడియో గేమ్‌ని స్టీమ్ అనే ఆన్‌లైన్ ఆటల దుకాణంలో పెట్టేనాటికి ఆ ఆట ఇంకా సగం తయారీలోనే ఉంది. రోటర్లు, పిస్టన్లు ఆ తర్వాతి అప్‌డేట్లలో ఒక్కొక్కటిగా వచ్చి చేరాయి. ఖనిజం తవ్వి, కరిగించి, విడిభాగాలు చేసుకుని, వెల్డర్‌తో దిమ్మా దిమ్మా బిగించి అంతరిక్ష ఓడలు కట్టుకోవడమే ఇక్కడ ఆట. ఇంత చాకిరీ చేసేవాడికి ఎప్పుడో ఒకప్పుడు క్రేన్ కావాలనిపించడంలో వింతేముంది?

క్రేన్‌కి ప్రాణం రోటర్. కింది భాగం స్థావరానికి అతుక్కుని ఉంటుంది, పైభాగం తిరుగుతుంది. దాని మీద దిమ్మలతో చెయ్యి కట్టి, చివర పిస్టన్ని కిందికి వేలాడదీసి, దానికి ల్యాండింగ్ గేర్ తగిలిస్తే సరుకు పట్టుకునే పంజా సిద్ధం. నిజం టవర్ క్రేన్‌లా వెనకవైపు కాంక్రీటు బరువు పెట్టక్కర్లేదు, ఎందుకంటే ఆటలో నేలలో పాతిన స్థావరం ఎంత లాగినా కదలదు. అదే క్రేన్‌ని రోవర్ మీద కడితే, మొదటి కంటైనర్ ఎత్తగానే బండి ముక్కు నేలకి కొడుతుంది.

కొత్తవాళ్లు ముందుగా వేగం మీటనే పట్టుకుంటారు. లెక్క చూడండి. పెద్ద దిమ్మ వెడల్పు 2.5 మీటర్లు, 12 దిమ్మలు పేరిస్తే 30 మీటర్ల చెయ్యి. నిమిషానికి ఒక్క చుట్టు తిప్పినా కొస సెకనుకు 3 మీటర్ల పైచిలుకు పోతుంది. పది చుట్లయితే గంటకు 110 కిలోమీటర్లు దాటుతుంది! ఆ కొసకు నిండు కంటైనర్ వేలాడుతుంటే బ్రేకింగ్ టార్క్ చాలక చెయ్యి ఆగాల్సిన చోటు దాటిపోతుంది. అందుకే చెయ్యి తిరిగినవాళ్లు ముందు కోణాల హద్దులు బిగిస్తారు, తర్వాత బ్రేకు పెంచుతారు, వేగం జోలికి చివర్న వెళ్తారు.

ఇంకో చిక్కు కంటికి కనిపించదు. రోటర్‌కి కిందున్నదీ పైనున్నదీ ఆట లెక్కలో రెండు వేర్వేరు వస్తువులు. వాటిని కలిపి ఉంచే పని భౌతికశాస్త్ర ఇంజన్‌ది. తేలికైన చేతికి భారీ సరుకు తగిలిస్తే, మీద మీద మూడు నాలుగు కీళ్లు పెడితే ఆ లెక్క తడబడుతుంది: చెయ్యి వణుకుతుంది, ఊగుతుంది, ఒక్కోసారి పేలిపోతుంది. ఆటగాళ్లు దీనికి ‘క్లాంగ్’ అనే దేవుణ్ణి సృష్టించి, ఆయన ఆగ్రహమని నవ్వుకుంటారు. మొక్కులు సరే, కీళ్లు తగ్గించడం, జడత్వాన్ని భాగాల మధ్య పంచే ‘షేర్ ఇనర్షియా టెన్సర్’ని ఆన్ చేయడం మాత్రం నిజంగా పనిచేసే మందులు.

నిజం అంతరిక్షంలోనూ తొందరపాటు కుదరదు. 1981లో స్పేస్ షటిల్‌తో తొలిసారి ఎగిరిన కెనడా చెయ్యి, కెనడార్మ్, ఆరు కీళ్లతో 15 మీటర్ల పొడవుండేది. ఖాళీగా ఉంటే దాని కొస సెకనుకు 60 సెంటీమీటర్ల వరకూ కదిలేది, బరువు పట్టుకుంటే 6 సెంటీమీటర్లే. పైన బరువు తెలియకపోయినా ద్రవ్యరాశి ఎక్కడికీ పోదు. కదిలించినదాన్ని మళ్లీ ఆపాల్సిందీ ఆ కీళ్లే.