టికెట్టులో ఉన్న ముద్ద, బిల్లులో చేరే ముద్ద

రాయచూరు జిల్లా సింధనూరు, మాన్వి తాలూకాల్లో ‘క్యాంపు’ అంటే గుడారాల చోటు కాదు, ఊరు. తుంగభద్ర ఆనకట్ట 1953లో పూర్తయి ఎడమ కాలువ నీళ్లు ఇటు పారాక, కోస్తా జిల్లాల నుంచి తెలుగు రైతులు వచ్చి ఇక్కడ భూములు కొన్నారు. తుప్పలు కొట్టి, మళ్లు కట్టి, వరి వేశారు. రాయచూరు సోనా మసూరికి ఇంత పేరు రావడం వెనక వాళ్ల చెమట చాలా ఉంది. ఆ రైతుల మనవళ్లు ఇప్పుడు అమెరికాలో ఉద్యోగాలు చేస్తున్నారు. అమ్మానాన్నలు ఆరు నెలలకని వెళ్తే, చూపించాల్సిన వాటి జాబితాలో ఈమధ్య క్రూయిజ్ ఓడ కూడా చేరింది. రాయచూరు నుంచి ఎటు చూసినా సముద్రం మూడు వందల కిలోమీటర్ల పైమాటే. కాలువ నీళ్లే మా సముద్రం. అలాంటి చోటి నుంచి వెళ్లినవాళ్లకు ఓడ ఎక్కగానే వచ్చే మొదటి సందేహం అలల గురించి కాదు, అన్నం గురించి.

మా పెద్దమ్మ అలాగే నాలుగు రాత్రుల ప్రయాణం చేసి వచ్చింది. ఎలా ఉందని అడిగితే, “ప్రతి ముద్దా భయపడుతూ తిన్నాను నాయనా, ఏ గిన్నె ముట్టుకుంటే ఎన్ని డాలర్లు పడతాయోనని” అంది. అదే ఓడలో ఆమె మనవడు, పదేళ్లవాడు, అన్నీ ఉచితమే అనుకొని మెడలో వేలాడుతున్న కార్డు చూపించి రోజుకు నాలుగైదు కూల్‌డ్రింకులు తాగాడు. చివరి రోజు వచ్చిన బిల్లులో పెద్దమ్మ తిండి తాలూకు పైసా లేదు. మనవడి గ్లాసులు మాత్రం వరసగా ఉన్నాయి. ఒకరు హక్కుగా దక్కేదాన్ని వదులుకున్నారు, ఒకరు తెలియకుండా ఖర్చు చేశారు. గీత ఎక్కడుందో ముందుగా ఇద్దరికీ ఎవరూ చెప్పలేదు.

గీత ఉండటం మనకు కొత్తేమీ కాదు. రాయచూరు వైపు ఖానావళిలో కూర్చుంటే జొన్నరొట్టె, పల్యం (కూర), పప్పు, అన్నం ‘ఊట’ (భోజనం) ధరలో వస్తాయి. పక్కన గుడ్డు కావాలన్నా, మజ్జిగ ఇంకో గ్లాసు కావాలన్నా విడిగా లెక్క రాస్తారు. ఏది ఊటలోది, ఏది పైది అని అక్కడ మనం అడగం, చిన్నప్పటి నుంచి తెలుసు కాబట్టి. ఓడలోనూ పద్ధతి అదే. అలవాటు లేని చోటు కావడంతో బెదురుతాం, అంతే.

టికెట్టు ధరలో మూడు రకాల చోట్లు ఉంటాయి. మొదటిది పెద్ద భోజనశాల. తెల్లటి గుడ్డ పరిచిన బల్ల, మెనూ కార్డు, వడ్డించే మనిషి, అన్నీ చూస్తే స్టార్ హోటలు అనిపిస్తుంది. మనవాళ్లు ఎక్కువగా జంకేది ఇక్కడే. నిజానికి ఇది పూర్తిగా టికెట్టులోదే. ముందు తినే చిన్న వంటకం, అసలు భోజనం, తీపి, మూడూ తెప్పించుకోవచ్చు. నచ్చకపోతే మార్చమనవచ్చు. బిల్లు తేరు. చాలా ఓడల్లో ప్రయాణమంతా అదే బల్ల, అదే వడ్డించేవారు ఉండే ఏర్పాటు కూడా ఉంటుంది. మొదటి రాత్రి మన ఇష్టాయిష్టాలు చెబితే మిగతా రోజులు వాళ్లే గుర్తుపెట్టుకుంటారు. రెండోది బఫే. పొద్దున్నుంచి రాత్రిదాకా దాదాపు తెరిచే ఉంటుంది, ఎన్నిసార్లు వెళ్లినా అడిగేవారుండరు. మూడోది పిజ్జా, శాండ్‌విచ్, ఐస్‌క్రీమ్ దొరికే చిన్న కౌంటర్లు. వీటిలో ఎక్కువ టికెట్టులోవే, కొన్ని కావు. కౌంటరు మీద ధరల పట్టిక కనిపిస్తే అది బయటిది.

శాకాహారులు ఒక మాట గుర్తుంచుకోవాలి. రాయల్ కరీబియన్ లాంటి పెద్ద కంపెనీల భోజనశాలల్లో భారతీయ శాకాహార వంటకం అడిగితే దొరుకుతుంది, దానికి అదనం లేదు. అయితే ముందురోజు రాత్రే చెప్పాలి. జైన భోజనం లాంటి ప్రత్యేక నియమాలుంటే టికెట్టు కొనేటప్పుడే రాయించాలి. అడగడానికి మొహమాటపడి నాలుగు రోజులూ రొట్టె, అరటిపండుతో గడిపిన పెద్దవాళ్లను చూశాను. అది చూస్తే బాధేస్తుంది, ఎందుకంటే వాళ్లు ఆ భోజనానికి డబ్బు కట్టేశారు.

ఉచితమైన శాలలోనూ రెండు మూడు చోట్ల ధర తొంగిచూస్తుంది. మెనూలో కొన్ని వంటకాల పక్కన చిన్న అక్షరాల్లో డాలర్లు ఉంటే, అది అదనపు సరుకు అని అర్థం. లాబ్‌స్టర్ పెట్టే రాత్రి మొదటిది టికెట్టులో ఇచ్చి, రెండోదానికి డబ్బు తీసుకునే కంపెనీలున్నాయి. కార్నివాల్ ఓడల్లో ఒకే మనిషి రాత్రి భోజనంలో అసలు వంటకాలు రెండు దాటి మూడోది తెప్పించుకుంటే ఐదు డాలర్లు వేస్తున్నారు. పారేసే తిండి తగ్గాలని ఈ నియమం. మారు వడ్డించకపోతే పెళ్లివారికి పరువు తక్కువ అనుకునే మనకు ఇది కాస్త కటువుగా తోస్తుంది. కానీ విస్తళ్లలో ఎంత మిగిలిపోతుందో చూసినవాళ్లం కాబట్టి ఈ విషయంలో నేను ఓడవాళ్ల పక్షమే.

అసలైన గీత కంచం దగ్గర కాదు, గ్లాసు దగ్గర ఉంది. మామూలు నీళ్లు, మామూలు కాఫీ, టీ, నిమ్మరసం, పొద్దుటి పూట పండ్లరసం సాధారణంగా టికెట్టులోవి. సీసా నీళ్లు, కూల్‌డ్రింకులు, మెషీను మీద తీసే ఎస్‌ప్రెస్సో రకం కాఫీలు, మద్యం బయటివి. డిస్నీ ఓడల్లో బఫే దగ్గర కూల్‌డ్రింకులకు డబ్బు తీసుకోరు, ఎక్కువ కంపెనీలు తీసుకుంటాయి. మనవడి బిల్లు వచ్చింది ఇక్కడి నుంచే. రోజంతా ఎంతైనా తాగవచ్చనే ప్యాకేజీలు అమ్ముతారు. కొనేముందు ఒక లెక్క వేసుకోవాలి. ఒక్కో గ్లాసు ధరతో ప్యాకేజీ రోజు ధరను భాగిస్తే, అది గిట్టుబాటు కావడానికి రోజుకు ఎన్ని తాగాలో తేలుతుంది. మద్యం ప్యాకేజీలో ఇంకో చిక్కుంది. ఒకే గదిలో ఒకరు కొంటే, మిగతా పెద్దవాళ్లంతా కొనాలని కొన్ని కంపెనీలు పట్టుబడతాయి. కొడుకు తాగుతాడని తల్లికీ కొనాల్సి వస్తుంది. అలాంటప్పుడు గ్లాసుకు గ్లాసు కట్టుకోవడమే మేలు.

ఇక పూర్తిగా బయట ఉండేవి స్పెషాలిటీ రెస్టారెంట్లు. మాంసం కాల్చి పెట్టేది ఒకటి, ఇటాలియన్ ఒకటి, జపాన్ సుషీ ఒకటి, ఇలా ఉంటాయి. వీటిలో రెండు పద్ధతులు. కొన్నింట్లో లోపలికి అడుగుపెట్టినందుకు మనిషికి ఇంతని కడితే మెనూలోది ఏదైనా తినవచ్చు. పెద్ద ఓడల్లో ఇది నలభై డాలర్ల నుంచి అరవై, ఆపైన కూడా ఉంటుంది. మరికొన్నింట్లో వంటకానికి వంటకం ధర. రెండింటిలోనూ పైన 18 నుంచి 20 శాతం దాకా సర్వీసు రుసుము చేరుతుంది. మెనూలో కనిపించే అంకె చివరి అంకె కాదు. మధ్యాహ్నం తెరిచే రెస్టారెంటయితే రాత్రికన్నా తక్కువకు వస్తుంది. గదికి తిండి తెప్పించుకోవడం మీదా ఒక కన్నుండాలి. కొన్ని ఓడల్లో పొద్దుటి తేలికపాటి టిఫిను ఉచితం, మిగతా వేళల్లో ఆర్డరుకు ఇంతని కట్టాలి.

ఈ గీత ఎక్కడ గీయాలో కంపెనీ ఎలా నిర్ణయిస్తుందో తెలిస్తే భయం చాలామటుకు పోతుంది. మూడు వేల మందికి ఒకేసారి వండితే ఒక్కో కంచానికి పడే ఖర్చు తగ్గుతుంది. మన పెళ్లిళ్లలో వంటవాళ్లు గాడిపొయ్యి మీద అండాలకు అండాలు దించేటప్పుడు జరిగేదీ ఇదే. అందుకే సామూహికంగా వండేది టికెట్టులో ఇమిడిపోతుంది. ఎనభై మందికే చోటుండి, అడిగాక విడిగా వండాల్సి వచ్చే చోట, లేదా సీసా మూత తీస్తేనే వచ్చే వస్తువు దగ్గర విడి ధర మొదలవుతుంది. అంటే డబ్బు కట్టే చోట తిండి మంచిదని, కట్టని చోట నాసిరకమని కాదు. ఈ మాట నొక్కి చెప్పాలనుకుంటున్నాను, ఎందుకంటే ‘ఉచితం కదా, ఏముంటుందిలే’ అనే భావన మనవాళ్లలో బలంగా ఉంది. అది ఉచితం కానే కాదు. ముందే కొన్నది.

టికెట్టు మీద కాక విడిగా వచ్చే ఆదాయం కంపెనీకి చిన్నదేమీ కాదు. రాయల్ కరీబియన్ గ్రూపుకు 2023లో వచ్చిన రాబడి దాదాపు 1,390 కోట్ల డాలర్లు. అందులో సుమారు 430 కోట్లు టికెట్ల ద్వారా కాదు, మద్యం, స్పెషాలిటీ భోజనాలు, కాసినో, తీరంలో తిప్పే పర్యటనలు, ఇంటర్నెట్టు లాంటి వాటి ద్వారా వచ్చాయి. పది రూపాయల్లో మూడు అన్నమాట. ఓడ ఎక్కిన మొదటి గంటలోనే నవ్వుతూ ఎదురొచ్చి భోజనం ప్యాకేజీ తీసుకోమనేది ఇందుకే. ఆ గంటలో ఏమీ కొనకండి. ముందు రెండు పూటలు పెద్ద భోజనశాలలో తినండి. ఆ తర్వాత కూడా కావాలనిపిస్తే అప్పుడు ఆలోచించండి. కావాలని ముందే తేల్చుకున్నవాళ్లకు మాత్రం ప్రయాణానికి ముందు కంపెనీ యాప్‌లో కొనడమే సాధారణంగా చవక.

ఈ విడి లెక్క ఈనాటిది కాదు. 1905లో జర్మన్ ఓడ ‘అమెరికా’లో రిట్జ్ కార్ల్‌టన్ పేరుతో విడిగా డబ్బు కట్టి తినే రెస్టారెంటు పెట్టారు. 1912లో టైటానిక్‌లో మొదటి తరగతి వాళ్లకోసం లుయీజీ గాట్టి అనే ఇటాలియన్ అలాంటిదే నడిపాడు. అప్పటి ఏర్పాటులో ఒక న్యాయం ఉంది. పెద్ద భోజనశాలలో అసలు తినను, ప్రయాణమంతా ఇక్కడే తింటాను అంటే టికెట్టులో కొంత తగ్గించేవారు. ఇప్పటి ఓడల్లో టికెట్టులోని భోజనం వదులుకున్నందుకు సాధారణంగా ఏమీ తిరిగి రాదు. స్పెషాలిటీలో తిన్న ప్రతి పూటకూ రెండుసార్లు కట్టినట్టే.

అదే కాలంలో మన తెలుగువాళ్ల ఓడ ప్రయాణం వేరే రకం. విశాఖ, కాకినాడల నుంచి రంగూన్ వెళ్లిన కూలీలు డెక్కు మీద చోటు మాత్రమే కొనుక్కున్నవాళ్లు. తిండి మూటగట్టుకొని పోవాలి, లేదా ఓడలో అమ్మేది కొనుక్కోవాలి. అంతకు ముందు, 1860లో మద్రాసు నుంచి ‘ట్రూరో’ అనే ఓడలో దక్షిణాఫ్రికాలోని డర్బన్‌కు తీసుకెళ్లిన ఒప్పంద కూలీల్లో తెలుగువాళ్లూ ఉన్నారు. అలాంటి ఓడల్లో మనిషికి ఇంత తిండి ఇవ్వాలని చట్టం కొలత పెట్టింది. టికెట్టులో అన్నం ఉండటం, లేకపోవడం అప్పట్లో ప్రాణానికి సంబంధించిన విషయం. మా పెద్దమ్మ భయం ఆమె ఒక్కదానిదే కాదేమో అనిపిస్తుంది. ఓడ మీద ఆకలికి భయపడిన తరాలు మన వెనక ఉన్నాయి.

ఇప్పుడు ఓడ ఎక్కాలంటే అమెరికా దాకా పోనక్కర్లేదు. 2022 జూన్‌లో కార్డీలియా కంపెనీ ‘ఎంప్రెస్’ ఓడను విశాఖపట్నం నుంచి చెన్నైకి నడిపినప్పుడు తెలుగువాళ్లు బాగా ఎక్కారు. 1990లో కట్టిన ఈ ఓడ ఒకప్పుడు రాయల్ కరీబియన్‌దే. రాయచూరు నుంచి రాత్రి రైలెక్కి ముంబయి చేరి ఎక్కేవాళ్లూ ఉన్నారు. ఇందులో ఫుడ్ కోర్టు బఫే, స్టార్‌లైట్ భోజనశాల టికెట్టులో ఉంటాయి. చాప్‌స్టిక్స్ అనే ఆసియా వంటల రెస్టారెంటు, మద్యం బయట. ఉచిత శాలలోనే మన వంటలు, జైన భోజనం ఉంటాయి కాబట్టి ఇక్కడ అదనంగా కట్టాల్సిన అవసరం ఇంకా తక్కువ. రెండు మూడు రాత్రుల ప్రయాణానికి స్పెషాలిటీ కొనడం అనవసరం అని నా అభిప్రాయం. ఏడు రాత్రులైతే, పెళ్లిరోజో పుట్టినరోజో ఉంటే, ఒక్క రాత్రి వెళ్లి నిదానంగా తిని రావచ్చు.

డబ్బు లెక్కలో ఇంకో సంగతి. ఓడలో నోట్లు చెల్లవు, కార్డు చూపిస్తే ఖాతాలో రాస్తారు. పిల్లల కార్డు మీద కొనుగోళ్లు ఆపమని మొదటి రోజే కౌంటర్లో చెప్పవచ్చు. ప్రతి రాత్రీ యాప్‌లోనో కౌంటర్లోనో ఖాతా చూసుకుంటే తప్పుడు లెక్క అప్పుడే సరిచేయించవచ్చు. ఇది కాక, చాలా విదేశీ ఓడల్లో మనిషికి రోజుకు ఇంతని సిబ్బంది కోసం రుసుము దానంతట అదే చేరుతుంది. అది తిన్నా తినకపోయినా పడుతుంది. వండి, వడ్డించి, గిన్నెలు కడిగినవాళ్లకు చేరేది కాబట్టి తీసేయమనడం నాకు నచ్చదు. టికెట్టు కొనేటప్పుడే దాన్ని కలిపి లెక్కేసుకోవాలి.

పెద్దమ్మ ఈ చలికాలం మళ్లీ వెళ్తోంది, ఈసారి ఏడు రాత్రులు. కాగితం పట్టుకొని వచ్చి కూర్చుంది. “పెరుగు దొరుకుతుందా?” అన్నది మొదటి ప్రశ్న. పొద్దుటి బఫేలో చక్కెర వేయని పెరుగు ఉంటుందని, రాత్రికి అన్నంతో కావాలని వడ్డించే అబ్బాయికి ముందుగా చెబితే తెచ్చి పెడతాడని, దానికి పైసా పడదని రాయించాను. అన్నం మన సోనా మసూరిలా ఉండదని ఆమే చెప్పింది. ఆవకాయ జాడీ తీసుకెళ్తానంది. ఇంట్లో చేసిన తిండి ఓడలోకి రానివ్వరు, కంపెనీ సీలు వేసిన పొడి పొట్లాలు సాధారణంగా రానిస్తారు అని చెబితే కాసేపు మాట్లాడలేదు. మర్నాడు సింధనూరు బజారుకెళ్లి సీలు వేసిన శేంగా చట్నీ పొడి పొట్లాలు రెండు తెచ్చి పెట్టెలో చీరల మధ్య పెట్టుకుంది.