ఎప్పుడు తప్పుకోవాలో నేర్పే ఆట



మీలో కొందరు చదువుకునే రోజుల్లో గేమ్ పార్లర్‌లో టెక్కెన్ ఆడే ఉంటారు. ఆ వరుసలోనిదే 'టెక్కెన్ ట్యాగ్ టోర్నమెంట్'. జపాన్ సంస్థ నామ్‌కో దీన్ని 1999లో ఆర్కేడ్లకు, 2000లో ప్లేస్టేషన్ 2కు తెచ్చింది. పాతికేళ్లు గడిచినా దీనికి అభిమానులున్నారు. ఎందుకు?

ఇందులో మీరు ఇద్దరు ఫైటర్లను ఎంచుకుంటారు. ఒకరు బరిలో ఉంటే రెండోవారు పక్కన ఆగుతారు. ఒక్క బటన్‌తో స్థానాలు మారతాయి. పక్కకు వచ్చినవారు పోగొట్టుకున్న శక్తిలో కొంత తిరిగి పుంజుకుంటారు. అయితే ఇద్దరిలో ఏ ఒక్కరి శక్తి పూర్తిగా అయిపోయినా ఆ రౌండ్ పోయినట్టే. రెండోవారు ఎంత బలంగా ఉన్నా లాభం లేదు. అందుకే గట్టిగా కొట్టడం ఒక్కటే చాలదు, సమయానికి తప్పుకోవడమూ తెలియాలి. పైగా పాత్రలు 30కి మించి ఉన్నాయి కనుక వందల జోడీలు కుదురుతాయి. ఆట పాతబడదు.

మీ అబ్బాయో అమ్మాయో లెక్కలు అర్థంకాక, ఎవరికీ చెప్పకుండా పరీక్షల దాకా నెట్టుకొస్తుంటే ఈ నియమం గుర్తుచేయండి. సాయం అడగడం ఓటమి కాదు, అదీ ఆటలో భాగమే.

ఇది కొట్లాట ఆటే. అమెరికాలో 13 ఏళ్లు దాటినవారికని రేటింగ్ ఇచ్చారు, కాబట్టి చిన్నపిల్లలకు వద్దు. పెద్ద పిల్లలతో మాత్రం ఓ అరగంట మీరూ ఆడండి. "ఇప్పుడెందుకు మార్చావు?" అని అడిగి చూడండి. మాటలు అక్కడ మొదలవుతాయి.