బండలాగు జోడుకు కాడి, గొలుసు అమర్చు విధము



మహాశివరాత్రి దగ్గరపడిన కొలది నరసరావుపేట చుట్టుపట్ల గ్రామములలో రెండు పనులు జోరందుకొనును. ఒకటి కోటప్పకొండ తిరునాళ్లకు ప్రభలు కట్టుట. రెండవది బండలాగుడు పోటీలకు ఎడ్లను సిద్ధము చేయుట. ఒంగోలు గిత్తలను కన్నబిడ్డలవలె సాకు రైతులు మన పల్నాటిలో ఎందరో గలరు. మేత విషయములో వారికి ఒకరు చెప్పనక్కరలేదు. కాని కాడికిని బండకును నడుమ నుండు గొలుసు ఎంత పొడవుండవలెను, దానిని కాడికి ఎచ్చట తగిలింపవలెను అని లెక్క వేసి చూచువారు తక్కువ. పందెములో గెలుపోటములు నిమిషములలో తేలిపోవును. మెడ చెడిన ఎద్దు మాత్రము దుక్కి అదనుకు కాడి క్రిందికి రాలేక కొట్టములో నిలిచిపోవును. కనుక ఈ చిన్న లెక్కను కొంచెము ఓపికతో చూడుడు.

ఎద్దుపై పడు భారము

500 కిలోల బరువుగల ఎద్దు పొలములో గంటల తరబడి సుఖముగా లాగగల బలము దాని బరువులో సుమారు పదవ వంతు, అనగా 50 కిలోలు. ఇక 1,000 కిలోల బండను తీసికొందము. నేల రాపిడి బండ బరువులో సగమని అనుకొన్నచో, దానిని కదల్చుటకు జోడు దాదాపు 450 కిలోల బలముతో లాగవలెను. ఒక్కొక్క ఎద్దు వంతుకు 225 కిలోలు వచ్చును. ఇది నిత్యము చేయు పనికి నాలుగున్నర రెట్లు. ఇంత భారము మోయునది మెడ మీది కొద్దిపాటి చోటు మాత్రమే.

గొలుసు పొడవు

కాడి నేలనుండి నాలుగున్నర అడుగుల ఎత్తునను, బండ కొక్కెము అర అడుగు ఎత్తునను ఉన్నవనుకొనుడు. గొలుసు ఏటవాలుగా దిగును గనుక ఎడ్లు లాగినపుడు బండ ముందు భాగము కొంత పైకి తేలును. ఆ తేలిన బరువంతయు మెడలను క్రిందికి అదుమును. పైన చెప్పిన బండకే మూడు పొడవులలో లెక్క ఇట్లుండును:

1. గొలుసు 8 అడుగులైనచో: కావలసిన లాగు 448 కిలోలు, రెండు మెడలపై క్రిందికి పడు భారము 224 కిలోలు.
2. గొలుసు 12 అడుగులైనచో: లాగు 451 కిలోలు, మెడలపై భారము 150 కిలోలు.
3. గొలుసు 16 అడుగులైనచో: లాగు 457 కిలోలు, మెడలపై భారము 114 కిలోలు.

చూచితిరా? పొట్టి గొలుసుతో బండ తేలికగా వచ్చునను మాటలో నిజము లేకపోలేదు. కాని ఆ లాభము 9 కిలోలు మాత్రమే. అందుకు ఎడ్లు చెల్లించు మూల్యము మెడపై దాదాపు రెండింతల అదుము. మెడపై కొంత బరువు పడిన గిట్టలకు నేల పట్టు చిక్కునన్నది నిజమే. గొలుసు మరీ పొడవైనచో మలుపులలో బండ ప్రక్కకు జరుగును. కావున పోటీ నిబంధనలు అంగీకరించినచో 12 అడుగుల దగ్గర మొదలిడి, మీ ఎడ్ల ఎత్తును, నేలను బట్టి సవరించుకొనుడు. నిర్వాహకులు పొడవును ముందే నిర్ణయించినచో ఇంటివద్ద సాధన కూడ అదే పొడవుతో చేయించుడు. పోటీలు జరుపు పెద్దలు సైతము నిబంధన వ్రాయునపుడు ఈ లెక్కను గుర్తుంచుకొనవలెను.

గొలుసు వదులుగా నున్నపుడు ఎడ్లను అదలింపరాదు. మెల్లగా అడుగు వేయించి, గొలుసు బిగిసిన పిమ్మటనే లాగింపవలెను. ఒక్క కుదుపు మెడకు చేయు హాని చాల ఎక్కువ.

కాడి, జోడు బలము

మెడకు ఆను చోట కాడి వెడల్పుగా, గుండ్రముగా, నున్నగా ఉండవలెను. అంచు గాని, పగులు గాని, మేకు తల గాని తగులరాదు. పోటీకి క్రొత్త కాడి వేయదలచినచో కొన్ని వారముల ముందే తేలిక పనులలో అలవాటు చేయుడు.

జోడులో ఒక ఎద్దు బలమైనది, రెండవది కొంచెము తక్కువది అయినచో కాడి ఒక ప్రక్కకు వాలును. కాడిపై రెండు మెడల నడుమ దూరము 60 అంగుళములనుకొనుడు. గొలుసు తగిలించు చోటును నడిమి నుండి బలమైన ఎద్దు వైపునకు 3 అంగుళములు జరిపినచో, దాని వంతు నూటికి 55, రెండవదాని వంతు 45 అగును. త్రాసులో ముల్లు జరిపినట్లే ఇదియు. బలహీనపు ఎద్దును కొట్టి సమానము చేయజూచుటకంటె ఇది మేలైన మార్గము.

ట్రాక్టరుకు హెచ్చరిక

బండను మైదానమునకు ట్రాక్టరుతో ఈడ్చు రైతులు ఒక విషయము గమనింపవలెను. గొలుసును వెనుక ఇరుసుకంటె ఎత్తున ఎన్నడును కట్టరాదు. బండ మొరాయించినపుడు ముందు చక్రములు లేచి ట్రాక్టరు వెనుకకు తిరగబడును. నడుపువాని ప్రాణమునకే ముప్పు. క్రిందనుండు డ్రాబారుకే తగిలింపుడు.

చట్టము చెప్పునది

జంతు హింస నిరోధక చట్టము 1960లో వచ్చినది. దాని క్రింద 1965లో వచ్చిన నియమముల ప్రకారము ముల్లుగర్రతో పొడుచుట, బొడిపెలు గాని మొనలు గాని గల కాడి వేయుట నేరము. వేడిమి 37 డిగ్రీలు దాటు ప్రాంతములలో మధ్యాహ్నము 12 నుండి 3 గంటల వరకు ఎడ్లచే బరువు లాగించుటయు నిషిద్ధము. అధికారుల అనుమతి, పశువైద్యుని పరీక్ష లేనిదే పోటీకి దిగకుడు.

కాడి దించిన వెంటనే మెడను చేతితో తడిమి చూడుడు. వాపు గాని, వేడి గాని, చర్మము లేచుట గాని కనిపించినచో, ముట్టుకొనగానే ఎద్దు ఉలికిపడినచో, మానువరకు కాడి వేయక పశువైద్యుని సంప్రదింపుడు. బహుమతి ఒక్కనాటిది, జోడు మీ సేద్యమునకు ఏండ్ల తరబడి అండ. ఈసారి బండ కట్టుటకు ముందు టేపు చేతబట్టి గొలుసును కొలిచి చూడుడు.