తోటలో ప్లాస్టిక్ అంటించకండి.. ముందు విడదీయండి

వేసవిలో మన కోనసీమ కాలవలు కట్టేశాక ఒకసారి గట్టు మీద నిలబడి అడుక్కి చూడండి. నీళ్లున్నన్నాళ్లూ కనపడని కవర్లు, సీసాలు, మందు డబ్బాలు బురదలో పరుచుకుని ఉంటాయి. మళ్లీ నీళ్లు వదలగానే కొన్ని తూముల్లో అడ్డంపడతాయి, మిగతావి మురుగు కాలవలు పట్టుకుని సముద్రంలోకి పోతాయి.

కాలవలో వేయనివాళ్లం ఏం చేస్తున్నాం? కొబ్బరి కమ్మలతో కలిపి అంటించేస్తున్నాం. నేనూ చేశానండి. వ్యవసాయ డిప్లొమా చదివి, జీవామృతం కలుపుకునే నేనే, పాత పైపు ముక్కలు, కవర్లు కమ్మల కుప్పలో వేసి కాల్చి, ఆ బూడిద చెట్ల పాదుల్లో పోశాను. ఒట్టి కమ్మల బూడిదైతే మంచిదే, పొటాష్ ఉంటుంది. ప్లాస్టిక్ కలిసిందంటే లెక్క మారిపోతుంది. పీవీసీ పదార్థంలో బరువు లెక్కన సగానికి పైగా క్లోరినే. అది కాలితే ఘాటైన ఆమ్లపు పొగతోపాటు డయాక్సిన్లనే విషాలు పుడతాయి. ఆ మసి గడ్డి మీద పడుతుంది, గడ్డిని ఆవు తింటుంది, విషం పాల కొవ్వులో చేరుతుంది. రసాయనాలు మానేశామని చెప్పుకుంటూ ఇలా చేస్తే ఏం లాభం?

మరి ఏం చేయాలి? విడదీయాలి. సీసా అడుగున త్రికోణంలో ఒక అంకె ఉంటుంది. ఈ పద్ధతి 1988లో అమెరికాలో మొదలైంది. అంకె ఉన్నంత మాత్రాన అది రీసైకిల్ అయిపోతుందని కాదు, ఏ రకం ప్లాస్టికో చెబుతుంది, అంతే.

1. పెట్: నీళ్ల సీసాలు, కూల్‌డ్రింకు సీసాలు. దారంగా మారి బట్టల్లోకి, దిండ్లలోకి పోతుంది.
2. హెచ్‌డీపీఈ: జీవామృతం కలిపే నీలం డ్రమ్ములు, నూనె క్యాన్లు, షేడ్ నెట్‌లు. మళ్లీ పైపులు, బకెట్లు అవుతుంది.
3. పీవీసీ: బోరు పైపులు, కరెంటు పైపులు. దీన్ని వేరేగా ఉంచాలి.
4. ఎల్‌డీపీఈ: పాల ప్యాకెట్లు, పల్చటి కవర్లు, మల్చింగ్ షీటు. డ్రిప్ లేటరల్ పైపు కూడా ఈ కుటుంబమే. నల్ల కవర్లు, నర్సరీ సంచులుగా మారుతుంది.
5. పీపీ: యూరియా బస్తాలు, బియ్యం సంచులు, తాళ్లు, కుర్చీలు.
6. పాలీస్టైరీన్: థర్మోకోల్, డిస్పోజబుల్ కప్పులు. కొనేవాళ్లు తక్కువ.
7. ఇతరాలు: పైవాటిలో చేరనివన్నీ.

అంకె చెరిగిపోతే వీడియోలో చూపించినట్టు చిన్న ముక్క కోసి గ్లాసు నీళ్లలో వేసి, వేలితో ముంచి వదలండి. 2, 4, 5 తేలతాయి. పెట్, పీవీసీ మునిగిపోతాయి. థర్మోకోల్ మాత్రం లోపల గాలి ఉండబట్టి తేలుతుంది. సుద్దపొడి ఎక్కువ కలిపిన నాసిరకం సరుకు కూడా మునుగుతుంది, కాబట్టి ఇదొక్కటే నమ్ముకోవద్దు.

కలిపితే నష్టమేంటని అడుగుతారు. పెట్ కరగాలంటే దాదాపు 250 డిగ్రీల వేడి కావాలి. ఆ వేడికి పీవీసీ విడిపోయి ఆమ్లం వదులుతుంది, పెట్ రంగు మారి పాడవుతుంది. అందుకే కలగాపులగం బస్తాకి పాత సామాన్ల కొట్లో రేటు పడిపోతుంది. మట్టి పట్టినా అంతే. నేనిప్పుడు పాకలో నాలుగు బస్తాలు వేలాడదీశాను: సీసాలు, గట్టి డబ్బాలు, పైపులు, కవర్లు. కడిగి, ఆరబెట్టి వేస్తాం. కవర్లు మన పంచాయతీ చెత్త నుంచి సంపద కేంద్రానికి ఇవ్వొచ్చు.

మందు డబ్బాల సంగతి వేరు. పక్క చేల రైతులకు నేను చెప్పేది ఒకటే. డబ్బా మూడుసార్లు కడిగి, ఆ నీళ్లు స్ప్రేయరు ట్యాంకులోనే పోయండి. కాలవలో కడగొద్దు. డబ్బాకి చిల్లు పెట్టి విడిగా ఉంచండి, లేదంటే ఎవరో ఒకరు దాంట్లో నూనో నీళ్లో పోసుకుంటారు.

శాంపూ, చిప్స్ ప్యాకెట్లలో పొరలు అతుక్కుని ఉంటాయి, వాటిని విడదీయడం కష్టం. అలాంటివాటిని సిమెంటు ఫ్యాక్టరీల బట్టీల్లో ఇంధనంగా వాడుతున్నారు. పల్చటి ప్లాస్టిక్‌ని తారు రోడ్లలో కలిపే పద్ధతిని మదురై ప్రొఫెసర్ రాజగోపాలన్ వాసుదేవన్ రూపొందించారు, ఆయనకు 2018లో పద్మశ్రీ వచ్చింది. కొన్ని రకాల ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువులపై 2022 జూలై 1 నుంచి దేశమంతా నిషేధం ఉంది. 120 మైక్రాన్ల కంటే పల్చటి క్యారీ బ్యాగులు కూడా అదే ఏడాది చివరి నుంచి వాడకూడదు.

ఇంకో మాట. ఒకే ప్లాస్టిక్‌ని ఎన్నిసార్లయినా కరిగించి వాడలేం, ప్రతిసారీ బలం తగ్గుతుంది. మల్చింగ్ షీటైతే చిరిగి ముక్కలై మట్టిలోనే ఉండిపోతుంది, ఏరలేం. అందుకే నేను అది మానేసి ఎండుగడ్డి, కొబ్బరి కమ్మలు, డొక్కలతోనే ఆచ్ఛాదన చేస్తున్నాను. అవి కుళ్లితే ఎరువు. షీటు కుళ్లదు కదండీ.

ఈ వారం మీ పాకలో ఒక్క బస్తా వేలాడదీసి చూడండి. నెలకి ఎంత పోగయిందో కింద రాయండి.