మామల్లపురము: యాత్రయుఁ బర్యటనమును

పలమనేటిసీమలోఁ బాఱు కౌండిన్యనది గుడియాత్తము కడఁ బాలాఱులోఁ గలియును. పాలాఱు కాంచీమండలమును దడిపి మామల్లపురమునకుఁ గొంత దక్షిణముగా సముద్రమును జేరును. కావున నీ మెట్టసీమ వానలకును ఆ తీరమునకును సంబంధము కలదు. ఇంతియకాక, పుంగనూరు కోలారు ప్రాంతముల నేలిన బాణరాజులు తాము మహాబలి వంశమువారమని శాసనములఁ జెప్పుకొనిరి. మహాబలిపురమను పేరు వినఁగానే యీ ప్రాంతపువారికి బాణులు తలఁపునకు వచ్చుట సహజమే. కాని యా పేరును వారికి ముడివెట్టుట తగదు.

ఆ పేరు పల్లవులది. మొదటి నరసింహవర్మకు (630-668) మహామల్లుఁడని బిరుదము. మహచ్ఛబ్దము తమిళమున "మా" యగును గనుక మామల్లపురమైనది. మహాబలియు నా భాషలో మావలి యగుటచే, మల్లుని మఱచిన జనులు బలిని దెచ్చి యచ్చట నిలిపిరి. మావలివరమనియు, మహాబలిపురమనియు వ్యవహారమిట్లు కలిగినది. రాజు పేరు మఱుఁగుపడి పురాణపురుషుని పేరు నిలుచుట మన గ్రామనామములలో నరుదు కాదు.

ఆళ్వారుల నాఁటి పేరు కడల్‌మల్లై. నూటయెనిమిది దివ్యదేశములలో నిది యొకటి, భూతత్తాళ్వారు జన్మస్థలము, తిరుమంగై యాళ్వారు కీర్తించిన క్షేత్రము. ఇచ్చటి స్వామి స్థలశయనుఁడు. పుండరీకమహర్షి క్షీరాబ్ధికిఁ బోవఁగోరి, త్రోవకడ్డమైన యీ సముద్రమును దోసిళ్లతోఁ దోడసాగెనఁట. స్వామి వృద్ధరూపమున వచ్చి యాఁకలిగొంటిననెను. ఋషి యన్నము తెచ్చునంతలో శేషతల్పమును విడిచి వట్టినేలమీఁదనే పవ్వళించెను. స్థలే శయనం యస్య యని వ్యధికరణబహువ్రీహి. తమిళమునఁ బదాదియందు సంయుక్తాక్షరము నిలువదు గావున స్థలశయనము తలశయనమైనది. ఇది యెఱుఁగనివారు తలకును శయనమునకును సంబంధము వెదకుదురు!

తీరమందలి రాతిగుడి రాజసింహుఁడను రెండవ నరసింహవర్మ కట్టించినది. అందు రెండు శివాలయములును, వాని నడుమ శయనించిన విష్ణువును గలరు. అందు నేఁడు నిత్యపూజ లేదు. ఊరినడుమనున్న స్థలశయనుని కోవెలలో మాత్రము పూజ సాగుచున్నది. ఈ భేదమే యిచ్చటి ముఖ్యవిషయము. ఒకే యూర నొక విష్ణువు దర్శనీయుఁడు, వేఱొక విష్ణువు సేవ్యుఁడు. మొదటివానిఁ జూచుటకుఁ బురావస్తుశాఖవారికి రుసుము చెల్లింపవలెను. రెండవవాని యెదుటఁ జేతులు మోడ్పవలెను.

పరదేశపు నావికు లీ యూరిని ఏడుగుళ్ల యూరనిరి. విలియం చేంబర్సు 1772లోను 1776లోను వచ్చి చూచి వ్రాసిన వ్యాసము 1788లో నచ్చుపడినది. తెలుఁగువారికిఁ బ్రధానమైనది మఱియొకటి. మెకంజీదొర సహాయకులైన కావలి సోదరులలో లక్ష్మయ్య 1803లో మావలివరపు గుళ్లను గూర్చి తెలుఁగున నొక వర్ణనము వ్రాసెను. దాని యాంగ్లానువాదము 1869లోఁ గార్‌దొర ప్రకటించిన సంపుటమునఁ జేరినది. ఏనుఁగుల వీరాస్వామయ్య కాశీయాత్రకు బయలుదేఱినది 1830లో. అంతకు నిరువదియేడేండ్లు ముందే యొక తెలుఁగువాఁడు క్షేత్రమును జూచి వ్రాయుటకై పోయెను. లక్ష్మయ్య మ్రొక్కు తీర్చుకొనఁ బోలేదు, విహారమునకును బోలేదు. గుళ్ల నెఱిఁగి వ్రాయుటయే యాతని పని. తెలుఁగు వచనచరిత్రకారు లీ రచనకుఁ దగిన స్థాన మీయకుండుట చింత్యము.

ఇఁక మాటల విచారము. యాత్రాశబ్దము యాధాతువుపై నౌణాదికప్రత్యయము చేరఁగా నేర్పడినది. ఆ ధాతువునకుఁ బ్రాపణ మర్థముగా ధాతుపాఠమునఁ జెప్పఁబడినది. పర్యటనము పరిపూర్వకమైన యటధాతువువలనఁ గలిగినది. దానికి గతిమాత్ర మర్థము. వైయాకరణులు గత్యర్థకములకెల్లఁ బ్రాప్త్యర్థమును జెప్పుదురు గాని, ధాతుపాఠమందలి నిర్దేశభేద మిచ్చట స్మరింపఁదగినది. యాత్రికునకు జేరవలసినచోటు కలదు. పర్యటకునకు జుట్టి వచ్చుటయే చాలును. తీర్థము తౄధాతుజము, దాఁటించునది. మూఁడును గమనమునకే సంబంధించినవైనను ఫలములు వేఱు.

1984లో నీ కట్టడములు ప్రపంచవారసత్వ స్థానములలోఁ జేర్పఁబడినవి. 2019 అక్టోబరున భారతప్రధానియుఁ జైనాధ్యక్షుఁడును నిచ్చటఁ గలిసికొనిరి; 2022లోఁ జదరంగపు ఒలింపియాడ్ జరిగెను. 2021-22లో నిచ్చటికి వచ్చిన విదేశీయులు 1,44,984 మంది. ఆ యేడు తాజ్‌మహలును జూచిన విదేశీయులకంటె నధికులు. సముద్రతీరపు బాట పొడవునను విహారగృహములు లేచినవి. బస్సులలో వచ్చువారిలోఁ బలువురు పంచరథములను, తపోదృశ్యశిల్పమును, తీరాలయమును, వెన్నముద్దయను బండను జూచి యలల నాడి మరలుదురు. పుండరీకుని కథ వారి చెవిఁ బడదు.

అయినను బర్యటకులను నిందించుట సులభము, న్యాయము కాదు. పల్లవుల యుళి చప్పుడు నేఁటికి నా వీథులలో వినఁబడుటకు వారి ధనమును గారణమే. 1957లో నచ్చట శిల్పకళాశాల వెలసెను; 2017లో మహాబలిపుర శిలాశిల్పమునకు భౌగోళికసూచిక లభించెను. కోవెలకు విగ్రహము కావలసినవారును, ఇంటిముంగిట బొమ్మ కావలసినవారును ఆ శిల్పులయొద్దకే పోవుదురు. రాజాశ్రయము తొలఁగినపిదప శిల్పి యెవరిని నమ్మి బ్రదుకును?

యాత్ర పూర్తిగాఁ బోయినదనుటయు సరికాదు. మాఘపౌర్ణమినాఁడు (తమిళులకు మాసిమఘము) ఇరుళజనులు పలుచోట్లనుండి కుటుంబములతో నా తీరమునకు వచ్చెదరు. ఇసుకతో వేదిక గట్టి తమ కన్నెమ్మను గొల్చెదరు. అచ్చటనే పెండ్లిండ్లు చేసికొందురు. స్థలశయనుఁడును నాఁడు తీర్థవారికి సముద్రమునకు వేంచేయును. విహారగృహముల దీపములు వెలుఁగుచుండఁగానే వారు తీరమున గుడారములలో రాత్రి గడపి, తెల్లవాఱుజామున స్నానము చేసి పూజకుఁ గూర్చుందురు. మధ్యాహ్నమునకు గుడారములు లేచును. ఇసుకవేదికను అల వచ్చి తీసికొనిపోవును.