భూమికి తీసే దూట

పిల్లలూ! అరటిబోదెను పొరలు పొరలుగా వొలిచి, నడుమ వున్న తెల్లని దూటను తీయటం మీరు చూసే వుంటారు. భూమికి కూడా అటువంటి దూట తీస్తారని మీకు తెలుసా?

జొన్నాడ దగ్గర గౌతమి వొడ్డున గొయ్యి తవ్వితే దొరికేది గోదావరి తెచ్చి పోసిన ఒండ్రూ, ఇసుకా. రాయి కావాలంటే ఉత్తరాన రాజమహేంద్రవరం పక్కనున్న కాతేరు వెళ్ళాలి. అక్కడ వున్న నల్లరాయి ఒకప్పటి లావా. అటువంటి నల్లరాయే దక్షిణాన రాజోలు ప్రాంతంలోనూ వున్నది. కాని అక్కడ అది కిలోమీటర్ల లోతున వున్నది! పైన చూస్తే అన్నీ కొబ్బరితోటలే. మరి అది అక్కడ వున్నదని ఎలా తెలిసింది? చమురు కోసం, గ్యాసు కోసం ఓ.ఎన్.జి.సి. వారు వేసిన బావుల వల్ల తెలిసింది.

బావి తవ్వే బిట్టు రాతిని నలగగొడుతుంది. ఆ నలుసులు బురదనీటితో పైకి వస్తాయి. కాని పిండిని చూసి గింజ ఎలా వుండేదో చెప్పటం కష్టం గదా! అందుకని ముఖ్యమైన లోతు రాగానే వేరే బిట్టు దింపుతారు. అది గాజులాగా నడుమ బోలుగా వుంటుంది. దాని అంచుకు వజ్రపు ముక్కలు పొదిగి వుంటాయి. (ఆ వజ్రాలు నగలకు పనికిరావు లెండి!) అది చుట్టూ కోసుకుంటూ దిగుతుంటే, మధ్యనున్న రాయి చెక్కుచెదరకుండా గొట్టంలోకి ఎక్కుతుంది. దీనినే ‘కోర్’ అంటారు. ఒక గొట్టంలో సుమారు 9 మీటర్ల రాయి పడుతుంది.

బావి 3000 మీటర్ల లోతు వుంటే, 9 మీటర్ల గొట్టాలు 300కు పైగా వుంటాయి. బిట్టు మార్చాలంటే వాటినన్నిటినీ పైకి లాగి, మరలు విప్పి, మళ్ళీ బిగించి దింపాలి. కోర్ తీశాక మళ్ళీ అదే తంతు! అందుకే అన్ని లోతుల్లోనూ కోర్ తీయరు.

కోర్‌ను పైకి లాగేటప్పుడు తొందర పనికిరాదు. లోతున అణిగివున్న గ్యాసు, పైకి వచ్చేకొద్దీ వుబ్బి, రాతిని లోపలినుంచే పగలగొట్టగలదు. వచ్చిన ముక్కలను వరుస తప్పకుండా పేర్చి, పొడుగునా ఎర్రగీత ఒకటి, నల్లగీత ఒకటి పక్కపక్కనే గీస్తారు. ముక్కను నిలబెట్టినప్పుడు ఎర్రగీత కుడివైపున వుంటే సరే. ఎడమవైపున వుంటే రాయి తలకిందులైందన్నమాట! లోతు రాసి, పెట్టెల్లో సర్దుతారు. లోపలి తడి ఆరిపోకుండా కొన్నిటికి మైనం పూత పూస్తారు.

చమురు భూమిలో చెరువులాగా నిలిచి వుండదు. తడి ఇసుకలో నీరులాగా, రాతి రేణువుల సందుల్లో వుంటుంది. ప్రయోగశాలలో చిన్న ముక్క కోసి, అందులోకి హీలియం వాయువును పంపి, ఎంత ఖాళీ వున్నదో కొలుస్తారు. అతినీలలోహిత కాంతి పడితే, చమురున్న చోటు చీకట్లో మెరుస్తుంది.

ఈ రాళ్ళు చమురు సంగతే కాదు, ఇంకొక వింత కూడా చెప్పాయి. గెర్టా కెల్లర్ అనే శాస్త్రజ్ఞురాలు, ఆమె సహచరులు కృష్ణా–గోదావరి ప్రాంతపు 11 లోతైన బావుల నమూనాలను పరిశీలించి, 2011లో ఫలితాలు ప్రకటించారు. దక్కను అగ్నిపర్వతాల లావా సుమారు 1500 కిలోమీటర్లు ప్రవహించి ఇక్కడి సముద్రం దాకా వచ్చిందట! లావా పొరల మధ్య సముద్రపు మట్టి వున్నది. అందులో కంటికి ఆనని జీవుల గుల్లలున్నాయి. మొదటి మహాప్రవాహానికి ముందే వాటి రకాలు సగానికి తగ్గాయి. దాని తరవాత మిగిలినవి ఏడెనిమిది రకాలే.

డైనోసార్లు అంతరించినదీ ఆ కాలంలోనే, 6.6 కోట్ల ఏళ్ళ కిందట. అగ్నిపర్వతాల వాయువులే ఆ వినాశానికి కారణమని కెల్లర్ అంటారు. కాదు, మెక్సికోలో పడిన గ్రహశకలమే కారణమని చాలామంది శాస్త్రజ్ఞులు అంటారు. ఆ తగవు ఇంకా పూర్తిగా తీరలేదు. మీరు కాతేరు వైపు వెళ్ళినప్పుడు ఆ నల్లరాయిని ఒకసారి తాకి చూడండి.