చక్రం ఆగిన చోటికే దుకాణం

తణుకు మీదుగా సాగే 16వ నంబరు జాతీయ రహదారిపై అర్ధరాత్రి దాటినా లారీల రద్దీ తగ్గదు. చెన్నై, కోల్‌కతాలను కలిపే ఈ మార్గాన్ని పెద్దవారు నేటికీ పాత అలవాటు కొద్దీ ఐదో నంబరు రోడ్డనే అంటారు. భీమవరం వైపు నుండి ఐసులో పేర్చిన చేపలు, రొయ్యలు, డెల్టా మిల్లుల నుండి బియ్యం ఈ రహదారి మీదుగానే దూరప్రాంతాలకు తరలిపోతాయి. అటువంటి బండికి పెరవలి దాటిన తరువాతనో, సిద్ధాంతం వంతెన సమీపంలోనో టైరు దిగిపోయిందనుకుందాం. బరువుతో ఉన్న బండిని గాలి లేని చక్రంపై దుకాణం దాకా నడిపిస్తే టైరు, డిస్కు రెండూ పాడవుతాయి. ఐసు కరగక మానదు. బండి దుకాణానికి పోలేదు గనుక దుకాణమే బండి దగ్గరకు రావలసి ఉంటుంది.

ఈ అవసరంలోనే ఒక ఉపాధి ఉంది. రోడ్డు పక్కన రేకుల పాక వేసుకొని గిరాకీ కోసం ఎదురుచూసే పంక్చర్ పని మన కుటుంబాలకు కొత్తది కాదు. ఆ సామగ్రినే ఒక ట్రైలర్‌పై అమర్చుకొని, ఫోను రాగానే బయలుదేరే పద్ధతి గురించి కొందరు యువకులు అడుగుతున్నారు. వారిని, వారికి పెట్టుబడి పెట్టదలచిన పెద్దలను ఉద్దేశించి ఈ నాలుగు మాటలు.

ట్రైలర్‌లో ఉండవలసినవి ఎక్కువేమీ కావు. ఇంజనుతో నడిచే గాలి మిషను, గాలి ట్యాంకు, బరువు బండ్లను ఎత్తగల జాకీలు, జాకీకి తోడుగా నిలిపే స్టాండ్లు, చక్రాలకు అడ్డు పెట్టే దిమ్మలు, స్పానర్లు, టైరు విప్పే రాడ్లు, నీళ్ళ తొట్టి, మంచి దీపాలు, సరిగా చూపే గాలి మీటరు. బరువంతా వెనుకకు చేరితే ట్రైలర్ ఊగిపోతుంది. అందువల్ల మిషనును ఇరుసుకు కొద్దిగా ముందుకు బిగించాలి. మన డెల్టా గాలిలో తేమ ఎక్కువ. ట్యాంకు అడుగున చేరే నీటిని రోజూ వదలకపోతే లోపల తుప్పు పడుతుంది, తుప్పు తిన్న ట్యాంకు బాంబుతో సమానం.

ట్రైలర్ మేలా, చిన్న గూడ్సు బండి మేలా అన్నది పని ఎక్కడ చేస్తారన్న దానిపై ఆధారపడి ఉంటుంది. ట్రైలర్‌ను విప్పి పెట్టి, లాగే బండిని మరో పనికి వాడుకోవచ్చు. అయితే ఇరగవరం, అత్తిలి వైపు కాలువ గట్ల మీద ట్రైలర్‌ను వెనుకకు తిప్పడం ఎంత కష్టమో, ట్రాక్టరుకు ట్రక్కు తగిలించి నడిపిన వారికి తెలుసు. పొలాల పనే ప్రధానమైతే చిన్న బండే నయం. మరొక సంగతి. మోటారు వాహనాల చట్టం, 1988 ట్రైలర్‌ను కూడా మోటారు వాహనంగానే పరిగణిస్తుంది. వెల్డింగు షాపులో చేయించి రిజిస్ట్రేషన్ లేకుండా రోడ్డెక్కించడం తగదు. ముందుగా రవాణా కార్యాలయంలో విచారించి, ఆ తరువాతే డబ్బు ఖర్చు పెట్టాలి.

ఇక పెట్టుబడి. ముద్ర వంటి ప్రభుత్వ పథకాలు ఉన్నాయి గాని, అవి వడ్డీతో కూడిన రుణాలు. వడ్డీకి దూరంగా ఉండదలచిన కుటుంబాలలో సాధారణంగా మామగారో, గల్ఫ్‌లో ఉన్న అన్నగారో ముందుకు వస్తారు. "మిషను నేను కొనిస్తాను, పని నీవు చెయ్యి, వచ్చిన దానిలో చెరిసగం" అంటారు. వినడానికి న్యాయంగానే ఉంటుంది. కాని పనిముట్టును ఒకరికి అప్పగించి, అతని సంపాదనలో వాటా అడగడం మన ప్రాంతంలో అత్యధికులు అనుసరించే హనఫీ ఫిఖ్హ్‌లో చెల్లుబాటు కాని ఒప్పందం. హంబలీ ధర్మవేత్తలు దీనిని అనుమతించారు. ఈ భేదాన్ని పండితుల చర్చగా కొట్టిపారేయవద్దు. మిషను పాడైనప్పుడు మరమ్మతు ఎవరు చేయించాలి, పని లేని నెలలో ఎవరికి ఎంత రావాలి అన్న తగాదాలు సరిగ్గా ఇక్కడే మొదలవుతాయి.

దీనికి తేలికైన మార్గాలున్నాయి. మిషనును రోజుకింత, నెలకింత అని నిర్ణీత అద్దెకు ఇవ్వవచ్చు. పెద్ద మరమ్మతులు యజమానివి, నిత్యం వాడే సరుకు పనివానిది. లేదా ఇద్దరూ కలిసి పనిని ఒప్పుకునే భాగస్వాములు కావచ్చు: ఒకరు ఫోన్లు, లెక్కలు, వసూళ్ళు చూస్తారు, మరొకరు చక్రం విప్పుతారు, రాబడిని ముందుగా అనుకున్న నిష్పత్తిలో పంచుకుంటారు. అమ్మకానికి టైర్లు, ట్యూబులు కొనడానికి ఇచ్చే నగదు వేరే సంగతి. అది ముదారబా కాగలదు. లాభం నిష్పత్తి ప్రకారం ఇద్దరిదీ. నష్టం వస్తే, పనివాని నిర్లక్ష్యం లేనంతవరకు, అది సొమ్ము పెట్టినవారిదే. ఏది ఎంచుకున్నా కాగితం మీద వ్రాసుకోవాలి. మామా అల్లుళ్ళ మధ్య కాగితమేమిటని నొచ్చుకునేవారు తరువాత పంచాయితీలో మరింత నొచ్చుకుంటారు.

ఈ పనిలో అసలైన పరీక్ష ధర దగ్గర ఉంది. పాకలో కూర్చున్న పనివాని దగ్గరకు వచ్చిన మనిషి ధర నచ్చకపోతే మరో దుకాణానికి పోగలడు. నడిరాత్రి భార్యాబిడ్డలతో చీకట్లో ఆగిపోయిన కారు యజమాని పోలేడు. ఐసు కరుగుతున్న లారీ డ్రైవరూ పోలేడు. ఎంత అడిగినా ఇస్తారని తెలిసి అడగడం వ్యాపారంగా కనిపించవచ్చు. నిస్సహాయుని అవసరాన్ని అవకాశంగా మార్చుకునే బేరాన్ని ధర్మవేత్తలు నిరసించారు. అలాగని రాత్రి నిద్ర మానుకొని, డీజిలు కాల్చి పాతిక కిలోమీటర్లు వెళ్ళినవాడు పగటి ధరే తీసుకోవాలని ఎవరూ చెప్పరు. రాత్రికింత, దూరానికింత, పనికింత అని ధరలు నిర్ణయించి, ట్రైలర్ పక్కన పెయింటుతో వ్రాయించాలి. అడిగినవాని ముఖం చూసి అవి మారకూడదు.

ఆ ధర ఫోనులోనే చెప్పాలి, జాకీ ఎత్తిన తరువాత కాదు. అందుకు కొన్ని ప్రశ్నలు అడిగి తీరాలి. ఏ బండి, టైరు పక్కన ఏ సైజు ఉంది, ట్యూబు ఉన్నదా లేనిదా, జంట చక్రాలలో లోపలిదా బయటిదా, బరువు ఉందా, ఏ ఊరు దాటారు, ఏ వైపు రోడ్డు? అంత దూరం వెళ్ళాక టైరు బాగుకాదని తేలితే రాకపోకల ఖర్చు ఇవ్వాలా వద్దా అన్నదీ అప్పుడే తేల్చుకోవాలి. కూలి తెలియని పని ఒప్పందం తగాదాకు దారి తీస్తుందనే ఫిఖ్హ్ గ్రంథాలు దానిని ముందే నిర్ణయించమన్నాయి. ఫోను పని ఇంట్లో చదువుకున్న ఆడవారు చక్కగా నిర్వహించగలరు. కొత్తగూడెం సమీపంలోని సుజాతనగర్‌లో ఒక మహిళ లారీ టైర్లనే స్వయంగా విప్పి బిగిస్తూ కొన్నేళ్ళ క్రితం వార్తలకెక్కారు. ఫోనులో ధర చెప్పడం అంతకంటే కష్టమైనది కాదు.

టైర్లు అమ్మేవారు దాపరికం లేకుండా అమ్మాలి. టైరు పక్కన నాలుగంకెల తేదీ ఉంటుంది. 2319 అని ఉంటే 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైనదని అర్థం. దానిని కొనేవానికి చూపించాలి. రీట్రేడ్ చేసినదైతే ఆ మాట చెప్పాలి. కారు, లారీ టైర్లకు గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గకూడదని నిబంధన. అంతకంటే అరిగిన దానిని "ఇంకో ఆరు నెలలు వస్తుంది" అని అంటగట్టడం మోసమే. ట్యూబ్‌లెస్ టైరుకు పక్కభాగంలో రంధ్రం పడితే అతుకు వేయకూడదు. వేయమని యజమాని బతిమాలినా వేయకూడదు.

ప్రాణభయం గురించి కొంచెం గట్టిగా చెప్పవలసి ఉంది. కారు టైరులో గాలి సుమారు 30 నుండి 35 పౌండ్లు. లారీ టైరులో అది 100 దాటుతుంది. రింగు ఉండే పాత రకం డిస్కులలో ఆ రింగు సరిగా కూర్చోకపోతే గాలి నింపేటప్పుడు తుపాకి గుండులా లేస్తుంది. అది తగిలిన మనిషి బతకడం కష్టం. నట్లు విప్పక ముందే వాల్వు పిన్ను తీసి గాలి పూర్తిగా వదలాలి. జంట చక్రాలైతే రెండింటిలోనూ వదలాలి. గాలి నింపేటప్పుడు చక్రాన్ని ఇనుప పంజరంలో ఉంచి, పొడవాటి పైపుతో పక్కకు నిలబడాలి. గాలి లేకుండా చాలా దూరం నడిచిన టైరు లోపల తీగలు తెగి ఉండవచ్చు గనుక, దానిని విప్పి పరీక్షించకుండా మళ్ళీ నింపరాదు. రోడ్డుపై వెనుక వచ్చేవారికి దూరం నుండే కనిపించేలా ఎర్ర త్రికోణం, దీపం పెట్టాలి. రహదారి మధ్యలో బండి నిలిచిపోతే 1033కు ఫోను చేస్తే జాతీయ రహదారుల గస్తీవారు వస్తారు. వారు రాకముందే చక్రం కింద దూరే సాహసం వద్దు.

పంక్చర్ వాళ్ళే రోడ్డు మీద మేకులు చల్లుతారన్న అపవాదు ఒకటి ఉంది. ఎక్కడో ఎవడో చేసిన పాపానికి అందరూ మాట పడుతున్నారు. దారిలోని హాని కలిగించే వస్తువును తొలగించడం ఈమాన్‌లోని ఒక శాఖ అని పిల్లలకు మొదటి తరగతుల్లోనే నేర్పుతాము. టైరులో నుండి తీసిన మేకును గిరాకీ చేతిలోనే పెట్టండి. ఎక్కడ గుచ్చుకుందో అడిగి, తిరుగు దారిలో అక్కడ ఇంకేమైనా ఉంటే ఏరి వేయండి.

పంక్చర్ వాళ్ళన్న మాటను మన పిల్లలపై తిట్టుగా విసరడం ఇటీవల ఎక్కువయింది. అందుకు సిగ్గుపడి ఈ పనిని వదిలేస్తున్న కుర్రవాళ్ళూ ఉన్నారు. బెల్‌ఫాస్ట్‌లో తన కొడుకు మూడు చక్రాల సైకిలు కోసం గాలి టైరును స్వయంగా చేసిన డన్‌లప్ ఒక పశువైద్యుడు. ఆ పనిని అతడు చిన్నతనంగా భావించలేదు. మన పిల్లలకు సిగ్గు కావలసినది మరొక చోట. పదేళ్ళ కుర్రవానిని బడి మాన్పించి నీళ్ళ తొట్టి దగ్గర కూర్చోబెట్టే తండ్రులు మనలో ఇంకా ఉన్నారు. 14 ఏళ్ళ లోపు పిల్లలను పనిలో పెట్టడం చట్టం నిషేధించిన విషయం. గాలి మిషను దగ్గరికి బడి అయిన తరువాత కూడా వారిని రానివ్వకూడదు. పద్దెనిమిది నిండి, చదువు ఒక కొలిక్కి వచ్చాక రానివ్వండి. అప్పుడు టైరు మీది అంకెలూ, మీటరు మీది అంకెలూ తానే చదువుకుంటాడు.

చివరగా, తరచుగా ఎదురయ్యే జకాత్ ప్రశ్న. ట్రైలర్, మిషను, జాకీలు పనిముట్లు గనుక వాటిపై జకాత్ లేదు. అమ్మకానికి ఉంచిన టైర్లు, ట్యూబులు సరుకు. వాటి విలువ, చేతిలోని నగదు కలిపి నిసాబ్‌కు చేరి సంవత్సరం గడిస్తే, ఆ రోజు అమ్మకపు ధర ప్రకారం రెండున్నర శాతం లెక్కించి తీయాలి. అందుకోసమైనా ట్రైలర్‌లో ఏ సరుకు ఎంత ఉందో వ్రాసే పుస్తకం ఒకటి ఉండాలి.